పై విలువ ఎవరు చెప్పారు? రీమాన్ మొత్తాల మీద ఒక ప్రసంగం

(డిగ్రీ విద్యార్థులు, గణితం చెప్పే ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. బోర్డు మీద వేసిన బొమ్మలను వీలైనంతవరకు మాటల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న లెక్క. సున్నా నుంచి ఒకటి దాకా ఇంటిగ్రల్, ఒకటి బై ఒకటి ప్లస్ ఎక్స్ స్క్వేర్, డీఎక్స్. ఎంత?

అక్కడెవరో అప్పుడే చెప్పేశారు. టాన్ ఇన్వర్స్ ఎక్స్. హద్దులు వేస్తే టాన్ ఇన్వర్స్ ఒకటి, అంటే పై బై నాలుగు. బాగుంది. పరీక్షలో పూర్తి మార్కులు. ఇప్పుడు చెప్పండి, పై బై నాలుగు అంటే ఎంత?

0.785. ఎలా తెలుసమ్మా? పై 3.14 కాబట్టి. సరే, పై 3.14 అని ఎవరు చెప్పారు?

(నవ్వులు)

కాలిక్యులేటర్ చెప్పిందా? మరి కాలిక్యులేటర్‌కి ఎవరు చెప్పారు?

చూశారా, ఇక్కడే అందరం ఆగిపోతాం. నేను అడిగింది ఒక వైశాల్యం. ఈ గీత కింద ఎంత చోటు ఉంది అని. మీరు ఇచ్చిన జవాబు పై బై నాలుగు. అది తప్పు కాదు. కానీ ఊరి పేరు అడిగితే ఆ ఊరికే ఉన్న ఇంకో పేరు చెప్పినట్టుంది. పై అనేది వృత్తంతో ముడిపడ్డ ఒక సంఖ్యకి మనం పెట్టుకున్న పేరు. ఆ సంఖ్య మూడు కంటే ఎంత ఎక్కువ, మూడున్నర కంటే ఎంత తక్కువ అన్నది పేరులో లేదు. అది కావాలంటే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కూర్చుని కూడాలి. ఆ కూడికే ఇవాళ్టి విషయం.

నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు రీమాన్ మొత్తాల పాఠాన్ని, అంటే గీత కింది చోటుని సన్నని పట్టీలుగా కోసి కూడే పాఠాన్ని, నేను రెండు పీరియడ్లలో ముగించేసేవాణ్ణి. పిల్లలు "సార్, ఇది పరీక్షకి వస్తుందా?" అని అడిగితే, "వచ్చేవారం సూత్రం వస్తుంది, అది వచ్చాక దీనితో పని ఉండదు" అనేవాణ్ణి. అంటే ఇల్లు కట్టాక పరంజా విప్పేసినట్టు. అది పరంజా కాదు, పునాది అని నాకు ఆలస్యంగా తెలిసింది. నిశ్చిత సమాకలని, మనం ఇంటిగ్రల్ అన్నదే, నిర్వచనం ప్రకారం ఆ మొత్తాల అవధి, అంటే పట్టీలు సన్నబడేకొద్దీ అవి చేరే సంఖ్య. అవకలనానికి, అంటే గీత వాలు కనుక్కునే పనికి, తిరగేసిన పని చేస్తే అదే జవాబు వస్తుందనేది తర్వాత నిరూపించుకున్న సిద్ధాంతం. గొప్ప సిద్ధాంతమే. కానీ అడ్డదారి అడ్డదారే, గమ్యం కాదు.

సరే, చేతులు కదుపుదాం. సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న గీతని నాలుగు సమాన ముక్కలు చేస్తున్నాను. సున్నా, పావు, అర, ముప్పావు, ఒకటి. ఒక్కో చోట ఫంక్షన్ ఎత్తు ఎంతో రాసుకుందాం. సున్నా దగ్గర 1. పావు దగ్గర 16/17, అంటే 0.9412. అర దగ్గర 4/5, అంటే 0.8. ముప్పావు దగ్గర 16/25, అంటే 0.64. చివర ఒకటి దగ్గర 1/2.

ఇప్పుడు ఒక్కో ముక్క మీద ఒక పట్టీ నిలబెడదాం. దీర్ఘచతురస్రం. పట్టీ వెడల్పు పావు. ఎత్తు ఎంత పెట్టాలి? గీత వంగి ఉంది కదా, ఏ ఎత్తు పెట్టినా సరిపోదు. ఎడమ అంచు దగ్గరున్న ఎత్తు పెడితే పట్టీ గీతకి పైకి పొడుచుకొస్తుంది, ఎందుకంటే మన గీత కిందికి దిగుతోంది. కుడి అంచు ఎత్తు పెడితే పట్టీ గీత కిందే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న సౌకర్యం ఉంది, గమనించండి. వైశాల్యం పై బై నాలుగు. మనకి కావలసింది పై, కాబట్టి చివర నాలుగుతో గుణించాలి. పట్టీ వెడల్పేమో పావు. నాలుగూ పావూ కొట్టుకుపోతాయి. అంటే ఎత్తులు కూడితే చాలు, పై వచ్చేస్తుంది.

ఎడమ ఎత్తులు కూడండి: 1, 0.9412, 0.8, 0.64. మొత్తం 3.3812. కుడి ఎత్తులు: 0.9412, 0.8, 0.64, 0.5. మొత్తం 2.8812.

కొందరి మొహాల్లో నిరాశ కనిపిస్తోంది. 3.38 ఎక్కడ, 3.14 ఎక్కడ అని. తొందరపడకండి. 3.38 అన్నది తప్పు. 2.88 అన్నదీ తప్పు. కానీ పై ఈ రెండిటి మధ్య ఉందన్నది తప్పు కాదు. ఇకముందు ఎంత గొప్ప కంప్యూటర్ వచ్చినా ఆ మాటని కొట్టేయలేదు. మనం ఉజ్జాయింపు అనే మాటని కొంచెం చులకనగా వాడతాం, "ఏదో ఉజ్జాయింపుగా చెప్పాను లెండి" అని. గణితంలో ఉజ్జాయింపు అంటే అది కాదు. ఎంత తప్పి ఉండవచ్చో కూడా చెప్పగలిగితేనే ఉజ్జాయింపు. చెప్పలేకపోతే అది ఊహ.

ఆ తేడా ఎంత? 3.3812 లోంచి 2.8812 తీసేస్తే సరిగ్గా 0.5. ఇది యాదృచ్ఛికం కాదు. బొమ్మ చూడండి. ప్రతి ముక్క మీదా పెద్ద పట్టీకీ చిన్న పట్టీకీ మధ్య ఒక చిన్న పెట్టె మిగిలింది. అలాంటివి నాలుగు. వాటన్నిటినీ ఒక పక్కకి జరపండి. ఒకటి ఎక్కడ ముగిసిందో రెండోది అక్కడే మొదలవుతుంది కాబట్టి అవి ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చుంటాయి. ఒకే స్తంభం. దాని వెడల్పు పావు, ఎత్తు అర నుంచి ఒకటి దాకా, అంటే అర. వైశాల్యం ఎనిమిదో వంతు, పై కోసం నాలుగుతో గుణిస్తే 0.5. ఇంకేమీ అక్కర్లేదు. ముక్కల సంఖ్య పెంచితే స్తంభం ఎత్తు మారదు, వెడల్పు తగ్గుతుంది. సన్నబడి సన్నబడి పోతుంది. 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియా పుస్తకం మొదటి భాగంలోనే ఈ బొమ్మ వేశాడు. నన్నడిగితే మొత్తం సమాకలన గణితంలో ఇంత అందమైన బొమ్మ ఇంకోటి లేదు.

ఈ స్తంభం వల్ల ఇంకో లాభం. జవాబు తెలియకముందే ఎంత కష్టపడాలో తెలిసిపోతుంది. ముక్కలు ఎన్ని అయితే, మన పై లెక్కలో రెండు మొత్తాల తేడా రెండుని ఆ సంఖ్యతో భాగించినంత. నాలుగు ముక్కలకి అర. తేడా 0.001కి దిగాలంటే 2,000 ముక్కలు. పదిలక్షో వంతుకి దిగాలంటే 20 లక్షల ముక్కలు. చేత్తో కూర్చుని 20 లక్షల భిన్నాలు ఎవరు కూడతారు?

అందుకని పని పెంచడం మాని కొంచెం తెలివి పెడదాం. మొదటి తెలివి అందరికీ తట్టేదే. ఒకటి ఎక్కువైంది, ఒకటి తక్కువైంది, సగటు తీసేస్తే పోలా? సగటు 3.1312. చాలా దగ్గరికొచ్చాం. సగటు తీయడమంటే బొమ్మలో ఏం చేసినట్టు? పట్టీల తలలు చదునుగా కాకుండా ఏటవాలుగా కోసినట్టు. రెండు చివరల ఎత్తుల్నీ ఒక సరళరేఖతో కలిపినట్టు. ట్రెపీజియం పద్ధతి అంటారు దీన్ని.

రెండో తెలివి: ఎడమ అంచూ వద్దు, కుడి అంచూ వద్దు, పట్టీ నడిమధ్యన గీత ఎంత ఎత్తులో ఉందో అదే పెడదాం. నడిమి బిందువులు ఎనిమిదో వంతు, మూడు ఎనిమిదులు, అయిదు ఎనిమిదులు, ఏడు ఎనిమిదులు. ఎత్తులు 64/65, 64/73, 64/89, 64/113. హారాలు చూడండి, 64కి వరసగా 1, 9, 25, 49 కలిశాయి. బేసి సంఖ్యల వర్గాలు. కూడితే 3.1468.

ఇప్పుడు పోల్చండి. ట్రెపీజియం 3.1312, అసలు పై కంటే 0.0104 తక్కువ. నడిమి పట్టీ 3.1468, అసలు కంటే 0.0052 ఎక్కువ. చదును తల ఉన్న పట్టీ, ఏటవాలుగా కోసిన పట్టీ కంటే రెండింతలు మెరుగు! నేను మొదటిసారి ఇలాంటి లెక్క వేసినప్పుడు కూడికలో తప్పు చేశాననుకున్నాను. మళ్లీ వేశాను. అదే వచ్చింది. ఏటవాలు తల గీతకి అంత ఒదిగి కూర్చుంటే, మొండి తల ఎలా గెలిచింది?

ఒక్క నిమిషం ఈ పట్టీ మీదే నిలబడదాం. పట్టీ తల ఒక కర్ర అనుకోండి. సరిగ్గా మధ్యలో మేకు కొట్టాను. ఇప్పుడు కర్రని మేకు చుట్టూ తిప్పుతున్నాను. ఒక పక్క ఎంత లేచిందో రెండో పక్క అంతే దిగింది. లేచిన వైపు ఒక త్రిభుజం కలిసింది, దిగిన వైపు అంతే త్రిభుజం పోయింది. వైశాల్యం మారలేదు. సరే, తిప్పుతూ తిప్పుతూ కర్ర గీతని ఒరుసుకునేదాకా తీసుకెళదాం. అంటే అది ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ అయింది. కాబట్టి మనం మొండి తల అనుకున్నది నిజానికి స్పర్శరేఖ వెంట కోసిన తలే, మారువేషంలో ఉంది. అక్కడ ట్రెపీజియం జ్యా వెంట, అంటే గీత రెండు చివరల్నీ కలిపే సరళరేఖ వెంట కోసింది, ఇక్కడ ఇది స్పర్శరేఖ వెంట కోసింది. గీత గిన్నెలా ఒకే వైపు వంగి ఉన్నచోట జ్యా దానికి ఒక పక్కన ఉంటుంది, స్పర్శరేఖ రెండో పక్కన ఉంటుంది. అందుకే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. పరావలయం మీద లెక్క వేసి చూస్తే జ్యా చేసే తప్పు స్పర్శరేఖ చేసే తప్పుకి సరిగ్గా రెట్టింపు. చిన్న చిన్న ముక్కల్లో ఏ నున్నని గీతైనా దాదాపు పరావలయమే కదా, అందుకే ఇక్కడా దాదాపు రెట్టింపు వచ్చింది.

ఇప్పుడు మీలో ఎవరికైనా తట్టిందా? తప్పు ఒకడిది ఇటు రెండు పాళ్లు, ఇంకొకడిది అటు ఒక పాలు. కాబట్టి రెండోవాణ్ణి రెండు పాళ్లు, మొదటివాణ్ణి ఒక పాలు తీసుకుని కలిపితే తప్పులు రెండూ కొట్టుకుపోవాలి. చేద్దాం. 3.1468005కి రెండింతలు, దానికి 3.1311765 కలిపి, మూడుతో భాగిస్తే...

3.1415925.

అసలు పై 3.1415926 చిల్లర. తొమ్మిది భిన్నాలు. అంతే. ఎడమ అంచు పట్టీలతో ఇంత దగ్గరికి రావాలంటే సుమారు 66 లక్షల ముక్కలు కావాలి. దీన్నే మీ పుస్తకాల్లో సింప్సన్ సూత్రం అంటారు. థామస్ సింప్సన్ 1743లో అచ్చు వేశాడు కానీ అంతకు నూరేళ్లకు పైగా ముందే, 1615లో, పీపాల ఘనపరిమాణం లెక్క కట్టే పుస్తకంలో కెప్లర్ ఇదే కిటుకు వాడాడు. పేర్లు ఎప్పుడూ సరైనవాళ్లకే దక్కవు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, లేకపోతే రేపు ఇంకో ఫంక్షన్ మీద ప్రయత్నించి నన్ను తిట్టుకుంటారు. ఈ ఫంక్షన్‌కి ఒక అదృష్టం ఉంది. దాని మూడో అవకలజం, అంటే మూడుసార్లు అవకలనం చేస్తే వచ్చేది, సున్నా దగ్గరా సున్నాయే, ఒకటి దగ్గరా సున్నాయే. అందువల్ల మామూలుగా మిగలాల్సిన తప్పు కూడా ఇక్కడ మిగల్లేదు. సాధారణంగా అయితే ముక్కల సంఖ్య రెట్టింపు చేసినప్పుడు అంచు పట్టీల తప్పు సగం అవుతుంది, నడిమి పట్టీ, ట్రెపీజియంల తప్పు నాలుగో వంతు అవుతుంది, సింప్సన్ తప్పు పదహారో వంతు అవుతుంది. అదే తక్కువేమీ కాదు.

చరిత్ర కొంచెం చెప్పుకుందాం. కొంచెమే. బాబిలోన్ మట్టిపలకల్లో గురుగ్రహం 60 రోజుల్లో ఎంత దూరం జరిగిందో లెక్క ఉంది. రోజుకి 12 నిమిషాల కోణం నుంచి తొమ్మిదిన్నర నిమిషాలకి వేగం తగ్గుతూ వచ్చింది, మొత్తం 10 డిగ్రీల 45 నిమిషాలు. మీరే వేసి చూడండి: 12కీ తొమ్మిదిన్నరకీ సగటు, దాన్ని 60తో గుణిస్తే 645 నిమిషాలు. అచ్చం ట్రెపీజియం. వేగం గీత కింద వైశాల్యమే దూరం అన్న ఊహ క్రీస్తుపూర్వమే ఉందన్నమాట. ఆ పలకల్ని సరిగ్గా చదివిన సంగతి 2016లో బయటికొచ్చింది.

నాకు మాత్రం యుక్తిభాష దగ్గర ఎక్కువసేపు ఆగాలని ఉంటుంది. 1530 ప్రాంతంలో కేరళలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన గ్రంథం. అందులో వృత్త పరిధి కనుక్కునే ఉపపత్తి చూస్తే, మనం ఇందాక బోర్డు మీద వేసిన మొత్తమే కనిపిస్తుంది. ఒక వృత్తం, వ్యాసార్ధం ఒకటి. దాని అంచున ఒక బిందువు దగ్గర స్పర్శరేఖ నిలబెట్టారు, ఒక యూనిట్ పొడవు. దాన్ని సమానమైన చిన్న చిన్న ముక్కలు చేశారు. ప్రతి విభజన బిందువునీ కేంద్రంతో కలిపారు. అప్పుడు ప్రతి ముక్కకీ ఎదురుగా వృత్తం మీద ఒక చిన్న చాపం తెగుతుంది. స్పర్శరేఖ ముక్కలన్నీ సమానమే కానీ చాపాలు సమానం కావు. కింద ఉన్న ముక్కకి ఎదురుగా ఉన్న చాపం దాదాపు దానంతే ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ ముక్క దూరమవుతుంది, ఏటవాలుగా కనిపిస్తుంది, చాపం చిక్కిపోతుంది. దూరం వల్ల ఒకసారి, ఏటవాలు వల్ల ఇంకోసారి, రెండుసార్లు ఒకే భిన్నంతో తగ్గుతుంది. చివరికి ఒక్కో చాపం ఎంత? ముక్క పొడవుని ఒకటి ప్లస్ ఎత్తు వర్గంతో భాగించినంత. ఒకటి బై ఒకటి ప్లస్ ఎక్స్ స్క్వేర్! చాపాలన్నీ కలిపితే వృత్తంలో ఎనిమిదో వంతు, అంటే పై బై నాలుగు.

టాన్ ఇన్వర్స్ అవకలజం అని మనం కంఠస్థం చేసిన సూత్రానికి అర్థం ఇదే. నేను అది కంఠస్థం చేసి పదేళ్లయ్యాక గానీ ఈ బొమ్మ చూడలేదు.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని ఇంకా గొప్పది. మనలా భిన్నాల్ని కూడలేదు. ఆ భాగహారాన్ని అనంత శ్రేణిగా విప్పి, ఒక్కో పదానికీ సంకలితం కట్టారు. ఒకటి నుంచి వరస సంఖ్యల మొత్తం ఇంచుమించు చివరి సంఖ్య వర్గంలో సగం. వర్గాల మొత్తం, అంటే వర్గ సంకలితం, ఘనంలో మూడో వంతు. ఘన సంకలితం నాలుగో ఘాతంలో నాలుగో వంతు. సంఖ్యలు పెరిగేకొద్దీ ఆ "ఇంచుమించు" కరిగిపోతుందని కూడా వాదించి చూపించారు. ఇంటర్మీడియట్‌లో ఎక్స్ స్క్వేర్‌ని సున్నా నుంచి ఒకటి దాకా సమాకలనం చేస్తే మూడో వంతు వస్తుందని చదివారే, దాని మూలం ఇదే. ఆ లెక్కల్లోంచి ఒకటి మైనస్ మూడో వంతు ప్లస్ అయిదో వంతు మైనస్ ఏడో వంతు అనే శ్రేణి పుట్టింది. దాన్ని జ్యేష్ఠదేవుడి కంటే ముందటి కేరళ గణితజ్ఞుడు మాధవుడి పేరుతో చెబుతారు.

లైబ్నిట్జ్ 1675 అక్టోబరు 29న తన కాగితాల్లో మొదటిసారి ఆ పొడుగాటి ఎస్ గుర్తు రాసుకున్నాడు. మనం ఇంటిగ్రల్ అని పిలిచే గుర్తు. అది సుమ్మా అనే లాటిన్ మాటలో మొదటి అక్షరం. అంటే మొత్తం. గుర్తులోనే కూడిక ఉంది, మనమే మర్చిపోయాం.

మరి రీమాన్ చేసిందేమిటి, ఇన్ని వందల ఏళ్లుగా జనం పట్టీలు కూడుతుంటే ఆయన పేరెందుకు? 1823లో కోషీ సమాకలనికి మొదటిసారి గట్టి నిర్వచనం ఇచ్చాడు. ఎడమ అంచు ఎత్తులు తీసుకున్నాడు, అవిచ్ఛిన్న ఫంక్షన్లు, అంటే గీత ఎక్కడా తెగనివి మాత్రమే తీసుకున్నాడు. 1854లో గొట్టింగెన్‌లో, త్రికోణమితి శ్రేణుల మీద రాసిన వ్యాసంలో, రీమాన్ ప్రశ్నని తిరగేశాడు. ముక్కలు మీ ఇష్టం, సమానంగా ఉండనక్కర్లేదు. ప్రతి ముక్కలోనూ ఎత్తు ఎక్కడ కొలుస్తారో అదీ మీ ఇష్టం. మీకు నాకు పడని శత్రువు కూర్చుని, కావాలని చెడ్డ బిందువులే ఎంచినా సరే. ముక్కలన్నీ సన్నబడేకొద్దీ అందరి మొత్తాలూ ఒకే సంఖ్య దగ్గరికి చేరాయా? చేరితే ఆ ఫంక్షన్‌కి సమాకలని ఉంది, ఆ సంఖ్యే సమాకలని. చేరకపోతే లేదు.

చేరనివి ఉంటాయా? డిరిక్లే చూపించిన ఫంక్షన్ తీసుకోండి. ఎక్స్ అకరణీయ సంఖ్య అయితే, అంటే రేషనల్ అయితే, విలువ ఒకటి. కాకపోతే సున్నా. ముక్క ఎంత చిన్నదైనా అందులో రెండు రకాల సంఖ్యలూ ఉంటాయి. నేను అకరణీయాలే ఎంచుకుంటే నా మొత్తం ఒకటి. మీరు కరణీయాలు ఎంచుకుంటే మీ మొత్తం సున్నా. కోటి ముక్కలు చేసినా రాజీ కుదరదు. ఇలాంటివాటికి కూడా వైశాల్యం చెప్పాలంటే లెబెగ్ దాకా, 1902 దాకా ఆగాలి. అది ఇంకో రోజు. రీమాన్ వ్యాసం అచ్చయింది 1868లో. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు.

సరే, చరిత్ర పక్కన పెట్టి, మీ మనసులో ఉన్న ప్రశ్నకి వస్తాను. సూత్రం ఉండగా కూడిక ఎందుకు? సూత్రం ఎప్పుడూ ఉంటుందని మీకెవరు చెప్పారు? ఇ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ తీసుకోండి. సంభావ్యతలో గంట ఆకారపు గీత. దానికి మనకి తెలిసిన ఫంక్షన్లతో ప్రత్యవకలజం, అంటే అవకలనం చేస్తే అది వచ్చే ఫంక్షన్, రాయలేం, ఎవరూ రాయలేరని నిరూపణ కూడా ఉంది. కానీ సున్నా నుంచి ఒకటి దాకా నాలుగు నడిమి పట్టీలు వేస్తే 0.7487 వస్తుంది. అసలు విలువ 0.7468. నాలుగే నాలుగు పట్టీలు!

అంతకన్నా మామూలు సందర్భం, ఫంక్షనే లేకపోవడం. ఒక బండిలో వెళుతున్నారు, దూరం చూపించే మీటరు పాడైంది, వేగం చూపించేది పనిచేస్తోంది. పది సెకన్లకోసారి వేగం రాసుకున్నారు. సెకనుకి మీటర్లలో: 0, 3, 7, 10, 12, 13, 13. నిమిషంలో ఎంత దూరం వెళ్లారు? ఇక్కడ అవకలజమూ లేదు, ప్రత్యవకలజమూ లేదు. ఏడు అంకెలున్నాయి. ఎడమ మొత్తం 450 మీటర్లు, కుడి మొత్తం 580, ట్రెపీజియం 515. బండి వేగం మధ్యలో ఎక్కడా తగ్గకుండా ఉంటే నిజమైన దూరం 450కీ 580కీ మధ్య ఉండి తీరుతుంది. మధ్యలో బ్రేకు వేసి మళ్లీ అందుకుని ఉంటే? అప్పుడు ఆ హామీ లేదు. ఏ హామీ దేని మీద నిలబడిందో మర్చిపోకూడదు.

ఈ విషయంలో ఒక సరదా సంఘటన. 1994లో మధుమేహ వైద్యానికి సంబంధించిన ఒక పేరున్న పత్రికలో, రక్తంలో చక్కెర గీత కింద వైశాల్యం కనుక్కునే కొత్త పద్ధతి అంటూ వ్యాసం వచ్చింది. ముక్కలు చేసి, ట్రెపీజియంలుగా కోసి, కూడడం. కనిపెట్టినవారు దానికి తమ పేరే పెట్టుకున్నారు. తర్వాత పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయనుకోండి. గణితం వాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. నేను మాత్రం అంత నవ్వను. వాళ్లు చదివిన కాలిక్యులస్ పాఠంలో ఎవరో నాలాంటి మాస్టారు "దీనితో పని ఉండదు" అని చెప్పి ఉంటాడు.

(నవ్వులు)

ఇక కంప్యూటర్ ఉంది కదా, కోట్ల ముక్కలు చేసేద్దాం అంటారు. చేయండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి. 32 బిట్ల దశాంశ సంఖ్యలతో, ప్రోగ్రామర్లు ఫ్లోట్ అంటారే దానితో, సున్నాకి ఒకటి కలుపుతూ పొండి. 1,67,77,216 దాకా బుద్ధిగా పెరుగుతుంది. ఆ తర్వాత ఒకటి కలిపితే మళ్లీ 1,67,77,216. ఇంకోటి కలపండి. అదే. రాత్రంతా కలపండి, అదే. ఆ ఫ్లోట్‌లో 24 బిట్ల కచ్చితత్వమే పడుతుంది, పెద్ద మొత్తం పక్కన చిన్న పట్టీ కనిపించకుండా పోతుంది. కాబట్టి ముక్కలు పెంచితే తప్పు తగ్గుతుందన్న మాట కాగితం మీద నిజం. యంత్రం మీద ఒక హద్దు దాకా తగ్గి, ఆ తర్వాత పెరుగుతుంది. రెండు కోట్ల పట్టీల కంటే తొమ్మిది భిన్నాలు నయం అని నేను ఊరికే అనడం లేదు.

ఇక ప్రశ్నలు.

(ఒక విద్యార్థిని: సార్, జవాబు ముందే తెలియనప్పుడు ముక్కలు చాలా లేదా అని ఎలా తెలుస్తుంది? రెట్టింపు చేసి చూసి, జవాబు మారకపోతే ఆపేయొచ్చా?)

మంచి ప్రశ్న తల్లీ. అందరం చేసేది అదే. నాలుగు ముక్కలతో ఒకసారి, ఎనిమిదితో ఒకసారి, తేడా చిన్నదైతే ఆపేస్తాం. చాలాసార్లు అది సరిపోతుంది. ఎప్పుడు సరిపోదో చూపిస్తాను.

సైన్ స్క్వేర్ ఆఫ్ నాలుగు పై ఎక్స్. సున్నా నుంచి ఒకటి దాకా. ఒకే ముక్కతో ఎడమ మొత్తం వేయండి. సున్నా. రెండు ముక్కలు? సున్నా దగ్గరా సున్నా, అర దగ్గరా సున్నా. మొత్తం సున్నా. నాలుగు ముక్కలు? పావు దగ్గర సైన్ పై, సున్నా. అన్నీ సున్నాలే. రెండుసార్లు రెట్టింపు చేశాం, జవాబు అణువంత కూడా మారలేదు. నీ పద్ధతి ప్రకారం ఆపేయాలి. కుడి మొత్తం అడిగితే అదీ సున్నా. ట్రెపీజియం, సున్నా. ముగ్గురు సాక్షులూ ఒకే మాట మీద ఉన్నారు. నడిమి పట్టీల్ని పిలిస్తే, నాలుగూ సరిగ్గా శిఖరాల మీదే పడతాయి, మొత్తం ఒకటి. ఆ రెండింటినీ కలిపి సింప్సన్ మూడింట రెండు వంతులు అంటాడు. అసలు జవాబు అర. ఎవరూ చెప్పలేదు.

ఎనిమిది ముక్కలు చేస్తే సున్నా, ఒకటి, సున్నా, ఒకటి అని వచ్చి సరిగ్గా అర తేలుతుంది. కానీ నువ్వు నాలుగు దగ్గరే ఆపేశావు.

కాబట్టి ఎత్తులు మాత్రమే చూస్తే సరిపోదు. గీత ఎంత నిటారుగా ఎక్కగలదో, దిగగలదో ఒక హద్దు తెలియాలి. ఈ ఫంక్షన్ వాలు నాలుగు పై దాకా, అంటే పన్నెండున్నర దాకా వెళుతుంది. పావు వెడల్పు ముక్కలో వాలు పన్నెండున్నర అంటే ఆ ముక్క లోపల గీత నేల నుంచి శిఖరానికి ఎక్కి మళ్లీ దిగిపోవడానికి కావలసినంత చోటు ఉంది. ముక్కలు వేయకముందే ఆ సంగతి చూసుకుని ఉంటే, ఆ సున్నాలని నమ్మేదానివి కాదు.

(ఇంకో ప్రశ్న: మరి బండి లెక్కలో ఆ హద్దు ఎక్కడిది సార్, అక్కడ ఫంక్షనే లేదన్నారు?)

బండికి ఇంజను ఉంది, బ్రేకు ఉంది. పది సెకన్లలో అది ఎంత వేగం పుంజుకోగలదు, ఎంత తగ్గించుకోగలదు? గణితం పుస్తకంలో వెతక్కు బాబూ, బండి దిగి దాన్ని చూడు.